ఏడుపు మాత్రం ఆమెది

మీరే. ఇంకెవరో కాదు, మీరే చేశారు. సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చున్న మొగుడు, కుర్చీ అంచున కూర్చుని ఫోన్ తిప్పుతున్న మరిది, వాళ్ళిద్దరి మధ్యా పెద్దరికంగా గొంతు సవరించుకుంటున్న కాలనీ సంఘం అధ్యక్షుడు, తలుపు పక్కన స్టూలు వేసుకుని అన్నీ వింటూ ఏమీ విననట్టు మొహం పెట్టిన అత్తగారు. చావుబతుకుల్లో ఉన్న ఒక పసిదాని కోసం ముక్కూమొహం తెలియని మనుషులు జేబులు దులిపి ఇచ్చిన డబ్బుకి "మిగిలింది" అని పేరు పెట్టింది మీరే. ఆ పేరు పెట్టడమే కష్టం గానీ, పెట్టాక పంచుకోవడం ఎంతసేపు?

ఈ మాటలేవీ ఆమె పైకి అనలేదు. వంటింట్లో నిలబడి టీ కప్పులు కడుగుతూ కుళాయి నీళ్ళకి చెప్పుకుంది. ముందు గదిలో ఇది రెండో విడత టీ. తగువు సాగేకొద్దీ కప్పులు పెరుగుతాయి. మగవాళ్ళు న్యాయం మాట్లాడుకోవాలంటే పక్క గదిలో ఎవరో ఒకరు పాలు కాస్తూ ఉండాలి. మొదటి విడతకి అధ్యక్షుడు చక్కెర తక్కువైందన్నాడు. ఇప్పుడు ఎక్కువ వేసింది. తాగి చావమని.

టీ బల్ల మీద ఒక కాగితం, దాని మీద పెన్ను. ఆమె సంతకం ఒక్కటే తక్కువ. ఇంత మంది పెద్దవాళ్ళు ఆదివారం నిద్ర పాడుచేసుకుని వచ్చింది ఆ సంతకం కోసమే. ఎందుకంటే డబ్బు ఉన్న ఖాతా ఆమె పేరు మీద ఉంది. ఆమె ఒక్కదాని పేరు మీదే. అది ఆమె మీద ప్రేమతో పెట్టిందేమీ కాదు. అప్పట్లో ఈ అధ్యక్షుడే అన్నాడు, తల్లి పేరుంటే జనానికి అనుమానం రాదు, తండ్రి పేరుంటే తాగుతాడేమో అనుకుంటారు, బాబాయి పేరుంటే తింటాడేమో అనుకుంటారు అని. ఆ రోజు అందరూ తెగ నవ్వారు. ఇవాళ ఎవరూ నవ్వడం లేదు.

పాపకి కళ్ళు పచ్చబడినప్పుడు కామెర్లనుకున్నారు. పొట్ట ఉబ్బి, గోకి గోకి ఒళ్ళంతా గీతలు పడ్డాక పెద్దాస్పత్రికి తీసుకెళ్తే లివర్ పాడైపోయిందని, ఇంట్లో ఎవరిదైనా ఒక ముక్క కోసి పెడితే తప్ప బతకదని చెప్పారు. అమ్మా నాన్నలిద్దరికీ పరీక్షలు చేశారు. ఇద్దరిదీ సరిపోయింది. డాక్టరు ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె మొగుడి వైపు చూడలేదు, చూస్తే అడిగినట్టవుతుందని. అతనే బయటికొచ్చాక అన్నాడు, నేను సంపాదించేవాణ్ణి, నేను మంచాన పడితే ఇల్లెలా గడుస్తుందే అని. అప్పటికి ఆమె హోటల్ లాండ్రీలో పని చేయబట్టి ఎనిమిదేళ్ళు, ఒక్క నెలా జీతం తేకుండా ఇంటికి రాలేదు. కానీ ఆమె తెచ్చేది సంపాదన కాదు, సాయం. అత్తగారు ఇంకో అడుగు ముందుకేసి, తల్లి బతికుండగా ఇంకొకళ్ళని అడగడమే తప్పంది. నిజానికి వాళ్ళెవరూ అనకముందే ఆమె ఇవ్వాలని నిర్ణయించేసుకుంది. బిడ్డకివ్వడానికి ఆమెకి ఎవరి ఉపదేశమూ అక్కర్లేదు. కానీ ఒక్కరు, కనీసం ఒక్కరు, "ఇస్తావా?" అని అడిగి ఉంటే బాగుండేది. కూరలో ఉప్పు వేశావా అని అడిగే ఇల్లు, నీ ఒళ్ళు కోయించుకుంటావా అని మాత్రం అడగలేదు.

డబ్బు కోసం వీడియో తీయాలన్నది మరిది ఆలోచన. అతనికి ఫోన్లు బాగుచేసే కొట్టుంది, ఇలాంటివన్నీ తెలుసు. ముందు చెవికమ్మలు తీయించాడు. ఒంటి మీదున్న మంచి బట్ట మార్పించి, ఉతికి ఉతికి వెలిసిపోయింది కట్టించాడు. పెచ్చులూడిన గోడ దగ్గర నిలబెట్టాడు. ఆ గోడకి సున్నం కొట్టించమని ఆమె రెండేళ్ళుగా మొత్తుకుంటోంది, ఆ రోజు మాత్రం కొట్టించకపోవడమే మంచిదయిందన్నారు. చెప్పాల్సిన మాటలు ఒక అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి ఫోను వెనకాల పట్టుకున్నాడు.

"ఏడుపు బాగానే ఉంది గానీ వదినా, మాట వినపడట్లేదు. మాట్లాడేటప్పుడు ఏడవకండి, మాట్లాడాక ఏడవండి."

మళ్ళీ చెప్పింది. చివరి మాట సరిగా రాలేదన్నాడు. జనాన్ని కదిలించేది ఆ మాటే, అది నెమ్మదిగా, కెమెరాలోకి చూస్తూ చెప్పాలన్నాడు. మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. అప్పటికి ఆమెకి ఏడుపు అయిపోయింది. అయిపోయిన ఏడుపుని బలవంతాన తెచ్చుకోవడం ఎలా ఉంటుందో, అట్టముక్క చూసి చదువుతూ కన్నబిడ్డ చావు గురించి అడుక్కోవడం ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. లోపల పక్క మీద పాప మూలుగుతోంది. "నీళ్ళు కావాలమ్మా" అంది. మరిది చెయ్యెత్తి, ఆ గొంతు కూడా రికార్డయితే మంచిదే, ఆగండి అన్నాడు. ఆమె ఆగలేదు. వెళ్ళి నీళ్ళిచ్చి వచ్చింది. ఆ ముక్క కత్తిరించాల్సొచ్చిందని అతను రెండు రోజులు గొణిగాడు.

డబ్బు వచ్చింది. ఎవరూ అనుకోనంత వచ్చింది. పైగా ఆస్పత్రివాళ్ళు బిల్లు బాగా తగ్గించారు. ఆపరేషన్ అయింది, పాప బతికింది, ఖాతాలో పెద్ద మొత్తమే ఉండిపోయింది.

ఆమె పొట్ట మీద అడ్డంగా ఒక కోత, అక్కణ్ణుంచి పైకి ఇంకో కోత. మూడు నెలలు బరువులెత్తొద్దని, ఆ తర్వాత కూడా వచ్చి స్కాను తీయించుకుంటూ ఉండాలని డాక్టరు చెప్పాడు. లాండ్రీలో సూపర్‌వైజరు ఆస్పత్రి చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, జబ్బు చేస్తే జీతంతో సెలవిస్తారు గానీ నీకు జబ్బేం లేదు కదా, బాగున్న మనిషివి వెళ్ళి కోయించుకున్నావు, దానికి మా దగ్గర సెలవు లేదన్నాడు. జీతం కోశాడు. ఇంట్లో పాలగిన్నె దింపమని ఎవరినైనా పిలిస్తే అత్తగారు అదే మాట ఇంకోలా అంది, "జబ్బు పాపకి గానీ నీక్కాదు కదా అమ్మాయ్" అని. వీళ్ళిద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. అయినా ఒకే బళ్ళో చదువుకున్నట్టు ఒకే పాఠం అప్పజెప్పారు.

రెండో నెల నిండకుండానే ఆమె పనిలోకి వెళ్ళింది. యంత్రంలోంచి తీసిన తడి దుప్పట్ల మూట ఎత్తితే మనిషిని ఎత్తినట్టే ఉంటుంది. ఆమెతో పాటు దుప్పట్లు మడతపెట్టే, అందరూ పెద్దక్క అని పిలిచే పెద్దావిడ ఆ మూటలు తన బండి మీదికి లాక్కుని, సూపర్‌వైజరు అటు వస్తే చాలు ఇద్దరం కలిసే ఎత్తుతున్నట్టు ఆమె చెయ్యి పట్టుకుని మూట మీద పెట్టేది. దుప్పటి చెరో కొసా పట్టుకుని, దులిపి, ఎదురెదురుగా నడిచి, మూలకి మూల కలపాలి. కలిసినప్పుడల్లా ఒక మాట చెప్పుకునేంత సందు దొరుకుతుంది. ఆమె కాపురం కథంతా పెద్దక్కకి అలా దుప్పటికో మాట చొప్పున తెలిసింది.

ఆపరేషన్ విజయవంతమైందని సంఘంవాళ్ళు దాతలకి కృతజ్ఞతలు చెప్పే సభ పెట్టారు. వేదిక వెనక గోడంత బ్యానరు. మధ్యలో పాప నవ్వు మొహం, చుట్టూ గుండ్రాల్లో దాతల మొహాలు, ఎక్కువ ఇచ్చినవాళ్ళకి పెద్ద గుండ్రం, తక్కువ ఇచ్చినవాళ్ళకి చిన్నది. అధ్యక్షుడి గుండ్రం పాప మొహం కన్నా కాస్త పెద్దదే అయింది. మరిదికి జ్ఞాపిక ఇచ్చారు, వీడియో తీసినందుకు. మొగుడికి జ్ఞాపిక ఇచ్చారు, కష్టకాలంలో ధైర్యంగా నిలబడిన తండ్రి అని. అతను నిలబడ్డ మాట నిజమే, పడుకున్నది ఆమె. మనింటి సభే కదా అని ఆమెని టీలు అందించమన్నారు. పొట్ట మీద కుట్లు లాగుతుంటే ట్రే పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ ఆమె ఆ బ్యానరు కేసి చూసింది. ఒక్కో గుండ్రం చూసింది. ఆమె లేదు. వీడియోలో ఊరందరికీ చూపించిన మొహం దాతల వరసలోకి వచ్చేసరికి ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంటికొచ్చాక అడిగింది. గట్టిగా కూడా కాదు, చెప్పులు విడుస్తూ అడిగినట్టు అడిగింది.

"నువ్వు దాతవేంటే? తల్లివి. తల్లి ఇస్తే దాన్ని దానం అంటారా ఎక్కడైనా?" అన్నాడు మొగుడు, జ్ఞాపిక టీవీ మీద ఎక్కడ పెడితే బాగుంటుందో చూసుకుంటూ.

ఆ మాట పెద్దక్కకి చెప్పినప్పుడు ఆవిడ దుప్పటి కొస వదిలేసింది. వదిలేసి, మళ్ళీ పట్టుకుని, "నీ ముక్కకి రేటు కట్టలేకే లెక్కలోంచి తీసేశారే పిల్లా," అంది. "కడితే మొదటి గుండ్రం నీకియ్యాలి, అధ్యక్షుడికి మూలన చిల్లర గుండ్రం పడుద్ది."

ఇద్దరూ నవ్వారు. నవ్వితే కుట్లు నొప్పెట్టి ఆమె పొట్ట పట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత మొదలైంది తగువు. దాతలిచ్చింది దాతలకే చెందాలి, ఇన్ని వందల మందికి తిరిగి పంచలేం కాబట్టి సంఘం భవనం మీద ఇంకో అంతస్తు వేసి ఒక గదికి పాప పేరు పెడదామన్నాడు అధ్యక్షుడు. గది గోడ మీద ఎవరి ఫొటో వస్తుందో ఎవరూ అడగలేదు. డబ్బు తెచ్చింది నా వీడియో, పని మానుకుని పగలూ రాత్రీ అందరికీ పంపింది నేను, కొట్టు పెద్దది చేసుకుంటే అందులో తప్పేంటని మరిది. తమ్ముడు బాగుపడితే రేపు పాపకీ అండే కదా, సగం వాడికిచ్చి సగం ఇంటి బాకీ తీర్చుకుందామని మొగుడు. పరువు బజారున పెట్టి అడుక్కున్న డబ్బు ఇంకొకడి గోడలకి పోవడమేంటి, ఇంట్లోనే ఉండాలని అత్తగారు. ఆ పరువు ఎవరిదో, బజారున నిలబడ్డదెవరో ఆవిడ చెప్పలేదు. వారాలు గడిచాయి. చివరికి ఒక్క విషయంలో మాత్రం అందరూ ఏకమయ్యారు, తేలేదాకా ఆ డబ్బు ఎవరూ ముట్టుకోకూడదని.

ఎవరూ అంటే ఎవరు? పాప మందులకి కూడా ముట్టుకోకూడదన్నమాట. కొత్త లివర్ని ఒళ్ళు తోసేయకుండా ఉండాలంటే పాప పొద్దునా రాత్రీ ఆ మాత్రలు వేసుకోవాలి. బతికినన్నాళ్ళూ వేసుకోవాలి, ఒక్క పూట తప్పకూడదు. ఖాతాలో అంత డబ్బు పెట్టుకుని ఆమె ప్రతి నెలా తన జీతం మందుల షాపులో పోసింది. జీతం చాలకపోతే చెవికమ్మలు అమ్మేసింది. వీడియో కోసం తీసిన కమ్మలు, మళ్ళీ పెట్టుకున్నదే లేదు. కిందటి నెల అవీ అయిపోయి మొగుణ్ణి అడిగితే, ఒక పూట తగ్గిస్తే ఏమవుతుందో డాక్టర్ని అడగరాదూ అన్నాడు. పిల్లని బతికించడానికి డబ్బు తెచ్చారు. ఆ డబ్బుని కాపాడుకోవడానికి పిల్ల మందు తగ్గించమంటున్నారు. తన స్కాను సంగతి కూడా ఆ రోజే ఎత్తింది. కోసిన లివర్ తిరిగి పెరుగుతుందన్నారుగా, జుట్టు పెరిగిందో లేదో అని ఎవరైనా స్కాను తీయించుకుంటారా అన్నాడతను. మరిది పగలబడి నవ్వాడు. అత్తగారు కూడా నవ్వింది. ఆమె అప్పుడు వాళ్ళకి వడ్డిస్తోంది. చేతిలో గరిటె ఉంది. ఆ గరిటె విసిరికొట్టకుండా ఎందుకు పట్టుకుని నిలబడ్డానా అని ఆ రాత్రంతా ఆమెకి నిద్ర పట్టలేదు.

ఇవాళ పొద్దున పాపకి మాత్ర వేస్తుంటే అట్టలో అదే ఆఖరిదని తేలింది. నిన్న జీతం రావాల్సింది, సూపర్‌వైజరు సోమవారం చూద్దామన్నాడు. ఆ సంగతి చెబుదామని ముందు గదిలోకి వెళ్తే, అప్పటికే అధ్యక్షుడు చెప్పులు విడుస్తూ కనిపించాడు. వాళ్ళు ముగ్గురూ రాజీకొచ్చారు. భవనానికి కొంత, కొట్టుకి కొంత, ఇంటికి కొంత. కాగితం కూడా రాసుకొచ్చారు.

"ఏమే, ఇంకా ఎంతసేపు? రెండు కప్పులు కడగడానికి ఇంతసేపా? వచ్చి సంతకం పెట్టేసి వెళ్ళి కడుక్కో" అన్నాడు మొగుడు ముందు గదిలోంచి.

ఆమె కుళాయి కట్టేసింది. కప్పులు అలాగే వదిలేసి, తడి చేతులతో వచ్చి నిలబడింది. పెన్ను ముట్టుకోలేదు. పాప మందులు అయిపోయాయి, రాత్రికి మాత్ర లేదు, ముందు ఆ డబ్బులోంచి అవి కొనాలి అని చెప్పింది.

అధ్యక్షుడు ఓపిగ్గా నవ్వాడు. చిన్నపిల్లలకి లెక్కలు చెప్పేవాడి నవ్వు. మందులు ఇంటి ఖర్చని, తల్లిదండ్రుల బాధ్యతని, జనం ఇచ్చింది ఆపరేషన్ కోసమని, ఆపరేషన్ అయిపోయింది కాబట్టి మిగతాది మిగులేనని చెప్పాడు.

"అంతే కదా వదినా" అన్నాడు మరిది. "మనం అడిగింది ఆపరేషన్‌కే. ఇచ్చింది ఆపరేషన్‌కే. సెంటిమెంటు వేరు, లెక్క వేరు."

ఆమె చీరకి చేతులు తుడుచుకుని తన ఫోను తీసింది. తెర మీద గీతలు పడ్డ పాత ఫోను, మరిది కొట్టులో ఎవరో వదిలేసిపోయింది. వీడియో పెట్టింది. ఆ వీడియో ఆమె ఇంతవరకూ ఒక్కసారి కూడా చూసుకోలేదు, చూసే ధైర్యం లేక. గదిలో ఆమె గొంతే, కానీ వేరే మనిషిదిలా, ముక్కుతో ఏడుస్తూ వినపడింది. పెచ్చులూడిన గోడ. బోసి చెవులు. మొగుడు విసుగ్గా మొహం తిప్పుకున్నాడు. చివరికొచ్చేసరికి ఏడుపు ఆగి, ఆమె నెమ్మదిగా, కెమెరాలోకి చూస్తూ, మరిది మళ్ళీ మళ్ళీ చెప్పించిన మాట చెప్పింది.

"ఆపరేషన్ ఒక్కటే కాదండీ. ఆ తర్వాత నా బిడ్డ బతికినన్నాళ్ళూ మందులు కొనాలి. మీరు ఇచ్చేది ప్రతి ఒక్కటీ దాని మందులకే పోతుంది. తల్లిగా మాటిస్తున్నాను."

తర్వాత ఏడుపు. ఆమె అక్కడ ఆపేసింది.

మరిది ఫోను తిప్పడం మానేశాడు. ఆపరేషన్ అంటే తక్కువ వేస్తారు, జీవితాంతం అంటే ఎక్కువ వేస్తారు అని ఆ మాట అట్టముక్క మీద రాసింది తనే. రాసి మర్చిపోయాడు. ఈ వీడియో ఎంతమంది చూశారో లెక్క చూసుకున్నాడు గానీ, ఏం చెప్పిందో వినలేదు. ఆ గదిలో ఎవరూ వినలేదు. అందరూ ఏడుపే చూశారు.

"అది ఏదో బాధలో అన్న మాట కదమ్మా" అన్నాడు అధ్యక్షుడు. గొంతు కొంచెం తగ్గింది.

"బాధలో అనలేదు సార్. అట్ట మీద చూసి చదివాను. బాధ అప్పటికి అయిపోయింది." ఆమె మరిది వైపు చెయ్యి చూపించింది. "మాట రాసింది ఈయన. ఇచ్చింది నేను. నిలబెట్టేది కూడా నేనే. రేపు పొద్దున్నే ఆస్పత్రి మందుల షాపులో పాప పేరు మీద ఆ డబ్బంతా జమ కడతాను. మీరూ తీయలేరు, నేనూ తీయలేను. ఒక్క నా స్కాను ఖర్చు తప్ప. అది మాత్రం అందులోంచి తీసుకుంటాను, అడగకుండా తీసుకుంటాను."

"పాప కోసం ఇచ్చిన డబ్బుతో నీ స్కానా?" అంది అత్తగారు స్టూలు మీంచి. ఆ పూట మొదటిసారి నోరు విప్పింది.

"పాప ఒంట్లో ఉన్నది నాదే అత్తయ్యా. తీసిన చోట ఎలా ఉందో చూసుకోవద్దా?"

మొగుడు లేచాడు. నీకేమైనా పిచ్చా అని, పెద్దమనుషుల ముందు ఏంటీ మాటలని, కన్నబిడ్డకి ఇచ్చినదాన్ని కూడా ఎత్తిపొడుస్తున్నావా, నువ్వు తల్లివేనా అని అరిచాడు. ఆమె అతను ఆగేదాకా ఆగింది. పదకొండేళ్ళ కాపురంలో అది ఆమెకి బాగా వచ్చిన పని.

"బిడ్డని ఎత్తిపొడవట్లేదు. మిమ్మల్ని అంటున్నాను. మీదీ సరిపోయిందని డాక్టరు చెప్పాడు. మీ అమ్మకీ తెలీదు, మీ తమ్ముడికీ తెలీదు. ఇంటికొచ్చి వాళ్ళతో నా ఒక్కదానిదే సరిపోయిందన్నారు మీరు. నేను పక్కనే ఉండి కాదనలేదు. మీ వంతు కూడా నేనే ఇచ్చాను. ఇప్పుడు మీ వంతు మొదలవుతుంది."

అత్తగారు కొడుకు మొహంలోకి చూసింది. అతను మళ్ళీ సోఫాలో కూర్చుని టీవీ మీదున్న జ్ఞాపిక వైపు చూశాడు, అదేమైనా సాక్ష్యం చెబుతుందేమోనన్నట్టు. అది చెప్పలేదు.

ఆమె బల్ల మీది కాగితం తీసుకుంది. చింపుతుందనుకున్నారు. చింపలేదు. దుప్పటి మడిచినట్టు మూలకి మూల కలిపి, మళ్ళీ మడిచి, ఇక మడత పడనంత చిన్నది చేసి అధ్యక్షుడి చేతిలో పెట్టింది. పాత వీడియోకి ఎంతమంది ఇచ్చారో అంతమందికీ ఈ కాగితంలో ఏం రాసుందో చెప్పడానికి ఇంకో వీడియో చాలని, ఈసారి కెమెరా వెనక అట్టముక్క అక్కర్లేదని, ఏడుపూ అక్కర్లేదని, కమ్మలు మాత్రం లేవు కాబట్టి చెవులు అలాగే కనిపిస్తాయని చెప్పింది. లోపలి గదిలోంచి పాప "అమ్మా" అని పిలిచింది. వస్తున్నానంది. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"వంటింట్లో మీరు తాగిన కప్పులున్నాయి. ఎవరి కప్పు వాళ్ళు కడిగి పెట్టి వెళ్ళండి. మీరు మాత్రం కడగక్కర్లేదండీ" అంది మొగుడితో, "మీకు వేరే పనుంది. పాపకి రాత్రి మాత్ర లేదు. చెప్పులేసుకుని, మీ జేబులోంచి డబ్బు తీసి, షాపు మూసేలోగా వెళ్ళి తీసుకురండి. రేపటి సంగతి నేను చూసుకుంటాను. ఇవాళ్టిది మీది. లేవండి."